తిరుపతిలో చార్జింగ్ చోటుకు వేరే కారు అడ్డం పెట్టారా? ఇలా చేయండి

బెంగళూరు నుంచి తిరుపతికి దాదాపు 250 కిలోమీటర్లు. పలమనేరు, చిత్తూరు దాటి చంద్రగిరి దగ్గరికి వచ్చేసరికి చాలా ఎలక్ట్రిక్ కార్లలో (ఈవీల్లో) బ్యాటరీ అడుగంటుతుంది. పోయిన ఏడాది పెరటాసి (సెప్టెంబరు-అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల) నెలలో, శుక్రవారం రాత్రి, నేను కూడా 11 శాతంతో ఊళ్లోకి వచ్చాను. వెనక సీట్లో అమ్మ, ఇద్దరు పిల్లలు. మేము గది తీసుకున్న హోటల్లో చార్జర్ ఖాళీగా ఉందని యాప్ పచ్చ గుర్తుతో చూపిస్తోంది. తీరా వెళ్లి చూస్తే చార్జర్ ముందు ఏడు సీట్ల డీజిల్ బండి ఉంది. దాని ఓనరు కుటుంబంతో సహా కొండెక్కాడట. నేను గేటు దగ్గరున్న సెక్యూరిటీ ఆయన మీద గట్టిగా అరిచాను. ఆయనకు నా తండ్రి వయసు ఉంటుంది. ఆ బండి అక్కడ పెట్టింది ఆయన కాదు, తీయించే అధికారం కూడా ఆయనకు లేదు. అరిచినందుకు ఈరోజుకీ బాధగా ఉంది, పైగా దానివల్ల ఒక్క శాతం చార్జింగ్ కూడా ఎక్కలేదు.

అప్పటి నుంచి ఈ ఊళ్లో ఇలాంటి పరిస్థితి నాకు చాలాసార్లు ఎదురైంది. చాలాసార్లు అరగంటలోపే తేలిపోయింది, కొన్నిసార్లు తేలలేదు. ఏ పని ఏ వరుసలో చేస్తే ఫలితం ఉంటుందో ఇక్కడ రాస్తున్నాను.

బయలుదేరే ముందు

యాప్‌లో "అందుబాటులో ఉంది" అని కనిపిస్తే, ఆ గన్‌తో (కారుకు తగిలించే చార్జింగ్ ప్లగ్‌తో) ఇప్పుడు ఎవరూ చార్జింగ్ పెట్టుకోవడం లేదని మాత్రమే అర్థం. చార్జర్ ముందు చోటు ఖాళీగా ఉందని కాదు. చార్జర్‌కు కళ్లు లేవు. తన ముందు డీజిల్ బండి ఉందో, ఇసుక కుప్ప ఉందో దానికి తెలియదు. నా ఇబ్బందుల్లో సగం ఈ ఒక్క విషయం తెలియకపోవడం వల్లే వచ్చాయి.

అందుకని చేరడానికి గంట ముందు ఒక ఫోన్ చేయండి. హోటల్ అయితే రిసెప్షన్‌కు, బంకు అయితే అక్కడి మేనేజర్‌కు. "చార్జర్ పనిచేస్తోందా" అని అడిగితే ఊరికే "ఆఁ, చేస్తోంది సార్" అంటారు. అలా కాకుండా "చార్జర్ ముందు ఇప్పుడు ఏదైనా బండి ఉందా, కాస్త చూసి చెప్తారా? గంటలో వస్తున్నాను, అక్కడ ఒక కోన్ పెట్టించండి" అని అడగండి. కోన్ లేకపోతే కుర్చీ వేసి ఉంచిన హోటళ్లు కూడా ఉన్నాయి. గదితో పాటు చార్జింగ్ కూడా కావాలని బుకింగ్ అప్పుడే చెబితే ఇంకా మంచిది.

రెండో చార్జర్ ఎక్కడుందో కూడా ముందే చూసి పెట్టుకోండి. రేణిగుంట రోడ్డు, ఎయిర్ బైపాస్ రోడ్డు, చంద్రగిరి వైపు హైవే, ఇలా వేరే దిక్కులో ఉన్నదాన్ని ఎంచుకోండి. ఒకే వీధిలో రెండూ ఉంటే రద్దీ రోజున రెండూ ఒకేసారి నిండిపోతాయి. పెరటాసి శనివారాలు, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వేసవి సెలవులు: ఈ రోజుల్లో ఊళ్లోకి వచ్చేసరికి కనీసం 25 శాతం మిగిలేలా చిత్తూరు వైపే ఒకసారి చార్జింగ్ పెట్టుకోండి. అక్కడ అరగంట ఆగడం, అర్ధరాత్రి తిరుపతిలో చోటు కోసం తిరగడం కన్నా ఎంతో నయం.

చేరాక, ముందు చూడండి

కారు దిగగానే హారన్ కొట్టకండి. ఒక్క నిమిషం ఆ బండి చుట్టూ తిరిగి చూడండి.

నంబర్ ప్లేట్ ఏ రంగులో ఉంది? మన దేశంలో 2018 నుంచి ఎలక్ట్రిక్ బండ్లకు పచ్చ ప్లేటు ఇస్తున్నారు. సొంత బండి అయితే పచ్చ మీద తెల్ల అక్షరాలు, ట్యాక్సీ అయితే పచ్చ మీద పసుపు అక్షరాలు. ప్లేటు పచ్చగా ఉండి గన్ తగిలించి ఉంటే అది వాళ్ల వంతు, మీరు ఆగాల్సిందే. ప్లేటు పచ్చగా ఉన్నా గన్ తగిలించకపోతే వాళ్లు కూడా చోటును ఊరికే వాడుకుంటున్నట్టే. చార్జింగ్ అయిపోయాక బండి అక్కడే వదిలి నిద్రపోయే ఈవీ ఓనర్లు మనలో తక్కువేం కాదు. వాళ్లను కూడా మిగతావాళ్లను అడిగినట్టే అడగాలి.

తర్వాత బోర్డు చూడండి. రాత్రి పూట అది కనిపిస్తోందా? నేల మీద పచ్చ రంగు ఉందా? చాలాచోట్ల గోడకు ఒక పెట్టె, దానికి వేలాడే తీగ తప్ప ఇంకేమీ ఉండదు. సేలం నుంచో హోసూరు నుంచో గంటల తరబడి నడుపుకుంటూ వచ్చిన మనిషికి అది కరెంటు మీటర్ పెట్టెలాగే కనిపిస్తుంది. ఇది గమనిస్తే మీ మాట తీరు దానంతటదే మారుతుంది.

చివరగా కేబుల్ పొడవు చూడండి. కొన్ని కార్లలో చార్జింగ్ మూత ముందు ఉంటుంది, కొన్నిటిలో వెనక పక్కన. పక్క చోటులో రివర్స్‌లో పెడితే గన్ అందుతుందేమో చూడండి. తీగ బిగుసుకోకుండా, నడిచేవాళ్ల కాళ్లకు తగలకుండా ఉంటే అక్కడే పెట్టుకోవచ్చు. అలా కుదిరితే ఎవరితోనూ మాట్లాడాల్సిన పనే లేదు.

డ్రైవర్ కనిపిస్తే

మీకు ఎంత ఇబ్బందిగా ఉందో చెప్పడం కన్నా ఆ చోటు ఏమిటో చెప్పడం బాగా పనిచేస్తుంది. నేను వాడే మాట ఇదే: "అన్నా, ఇది పెట్రోల్ బంకులో పంపు లాంటిది. మా బండికి ఇక్కడ తప్ప వేరే చోట కరెంటు దొరకదు. కొంచెం పక్కకు పెట్టుకుంటారా? పక్కన చోటు ఉంది, నేను చూపిస్తాను." పంపు అనే మాట వినగానే చాలామంది "అయ్యో, తెలియదు సార్" అంటూ తాళం తీస్తారు. బంకులో పంపు ముందు బండి ఆపి టీ తాగడానికి ఎవరూ పోరు కదా. ఇది కూడా పంపేనని ఎవరూ చెప్పకపోవడమే అసలు ఇబ్బంది.

ఖాళీ చోటు చూపిస్తానన్న చివరి మాట మరిచిపోకండి. తిరుపతిలో పార్కింగ్ దొరకడమే కష్టం. "తీయండి" అంటే "తీసి ఎక్కడ పెట్టాలి?" అనే కోపం ముందు వస్తుంది. ముందుగా మీరే వెళ్లి ఒక ఖాళీ చూసుకుని అప్పుడు అడిగితే ఆ కోపానికి చోటుండదు.

ప్లేటు మీద టీఎన్ ఉంటే తమిళంలో అడగండి: "అన్నా, ఇదు ఎలక్ట్రిక్ కార్ చార్జింగ్ ఇడం. వండియ కొంజం తళ్ళి నిరుత్తుంగ." కేఏ ఉంటే కన్నడంలో: "అణ్ణా, ఇదు చార్జింగ్ జాగ. గాడి స్వల్ప పక్కక్కె హాకి." ఉచ్చారణ సరిగ్గా రాకపోయినా పర్వాలేదు. వాళ్ల భాషలో నాలుగు మాటలు వినేసరికి ముఖం విప్పారుతుంది. దీక్ష మాల వేసుకున్నవాళ్లు కనిపిస్తే "స్వామీ" అని పిలవండి, ఇక్కడ అందరూ అలాగే పిలుస్తారు.

ఒకవేళ ఆయన "పది నిమిషాల్లో పోతాను, ఏం తొందర" అంటే వాదించకండి. "సరే అన్నా, పది నిమిషాలు చూస్తాను" అని పక్కనే నిలబడండి. ఎదురుగా ఒక మనిషి ఎదురుచూస్తుంటే పది నిమిషాలు అరగంట కావు.

డ్రైవర్ లేకపోతే

ముందు అద్దం మీదా, డ్యాష్‌బోర్డు మీదా ఫోన్ నంబర్ ఉందేమో చూడండి. ఉంటే ఒకసారి కాల్ చేసి, ఎత్తకపోతే మెసేజ్ పెట్టండి. బండి నంబర్, చోటు రెండూ రాయండి.

ఇక్కడ తిరుపతికే చెందిన ఒక చిక్కు ఉంది. శ్రీవారి దర్శనం క్యూలోకి సెల్‌ఫోన్ తీసుకెళ్లనివ్వరు, ముందే డిపాజిట్ చేయాలి. అంటే ఓనరు దర్శనానికి వెళ్లి ఉంటే ఆయన ఫోన్ గంటల తరబడి ఒక సంచిలో మోగుతూ ఉంటుంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి నడిచి వెళ్లినవాళ్ల సంగతి సరేసరి, కారు కింద పెట్టి మర్నాడు దిగి వచ్చేవాళ్లు కూడా ఉంటారు. అందుకే అలిపిరి, శ్రీవారి మెట్టు పరిసరాల్లో బండి అడ్డంగా కనిపించి, ఫోన్ రెండుసార్లు మోగినా ఎత్తకపోతే నేను పదిహేను నిమిషాలకు మించి ఆగను. నేరుగా రెండో చార్జర్‌కు పోతాను.

హోటల్ ఆవరణలో మాత్రం వదిలిపెట్టకండి. చాలా హోటళ్లలో గది ఇచ్చేటప్పుడు రిజిస్టర్లో బండి నంబర్ కూడా రాసుకుంటారు. రిసెప్షన్‌కు వెళ్లి "ఈ నంబర్ బండి ఏ గదివాళ్లదో చూసి మీరే ఫోన్ చేయండి" అని అడగండి. గది నంబర్ మీకు చెప్పమని అడగొద్దు, చెప్పకూడదు కూడా. వాళ్లే మాట్లాడితే చాలు. ఆ శుక్రవారం రాత్రి నేను ఈ ఒక్క పని చేసి ఉంటే సరిపోయేది. గంట తర్వాత తెలిసింది, ఓనరు కొండెక్కినా వాళ్ల తమ్ముడు అదే హోటల్లో పై అంతస్తులో నిద్రపోతున్నాడు, కారు తాళం అతని దగ్గరే ఉంది.

కల్యాణ మండపం, మాల్ లాంటి చోట్ల మైకులో బండి నంబర్ చదివించండి. పెళ్లి భోజనాల వేళ అయితే రెండుసార్లు చదివించాలి.

బండ్ల వివరాలు చూపే ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొడితే ఓనరు ఫోన్ దొరుకుతుందని కొందరు చెబుతారు. దొరకదు. బండి మోడల్, ఇన్సూరెన్స్ లాంటివి కనిపిస్తాయి, పేరు కూడా పూర్తిగా చూపించదు. దాని మీద సమయం పెట్టకండి.

ఆ చోటు ఎవరిది? దాన్ని బట్టే ఎవరికి చెప్పాలో తేలుతుంది

హోటల్, మాల్, ఆసుపత్రి ఆవరణలో ఉంటే ఆ యాజమాన్యానిదే బాధ్యత. అక్కడ నిలబడిన సెక్యూరిటీ మనిషిని దాటి డ్యూటీ మేనేజర్‌తో మాట్లాడండి. సెక్యూరిటీ ఆయన చాలావరకు కాంట్రాక్టు మీద పనిచేసే మనిషి, కస్టమర్‌ను కదిలిస్తే ఆయన ఉద్యోగానికే టెన్షన్. పక్కనే చార్జర్ మీద ఉన్న కస్టమర్ కేర్ నంబర్‌కు కూడా కాల్ చేసి చార్జర్ ఐడీ చెప్పండి. చార్జింగ్ కంపెనీకి ఆ గన్ ఖాళీగా ఉంటే నష్టం, కాబట్టి వాళ్లు హోటల్‌కు ఫోన్ చేస్తారు. డబ్బు ముందే తీసుకుని చార్జింగ్ ఇవ్వకపోతే, తిరిగి ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

పెట్రోల్ బంకులో అయితే పని సులువు. పంపు ముందు అడ్డం పెడితే ఏమవుతుందో అక్కడివాళ్లకు చెప్పాల్సిన అవసరం లేదు. జాతీయ రహదారి మీద విశ్రాంతి స్థలంలో ఇబ్బంది అయితే 1033కు చెప్పవచ్చు.

రోడ్డు పక్కన, ప్రభుత్వ పార్కింగ్‌లో ఉంటే ట్రాఫిక్ పోలీసుల పని. ఇక్కడ చట్టం ఏం చెబుతుందో తెలుసుకుంటే మీ మాటకు బలం వస్తుంది. మోటారు వాహనాల చట్టం, 1988లో 122వ సెక్షన్ ప్రకారం ఇతరులకు ప్రమాదం, ఆటంకం, అనవసర ఇబ్బంది కలిగేలా బహిరంగ స్థలంలో బండి వదిలిపెట్టకూడదు. 127వ సెక్షన్ ప్రకారం పార్కింగ్ నిషేధించిన చోట ఆపిన బండిని, లేదా బహిరంగ స్థలంలో పది గంటలు, అంతకు మించి వదిలేసిన బండిని యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి ఆదేశంతో లాగించవచ్చు, చక్రానికి క్లాంప్ వేయించవచ్చు. లాగించిన ఖర్చు ఓనరే కట్టాలి. వేరే శిక్ష ప్రత్యేకంగా రాయని తప్పులకు 177వ సెక్షన్ వర్తిస్తుంది: మొదటిసారి 500 రూపాయల వరకు, మళ్లీ చేస్తే 1,500 వరకు.

గమనించారా, ఈ సెక్షన్లలో ఎక్కడా "ఈవీ చార్జింగ్ చోటు" అన్న మాట లేదు. అందుకే అక్కడ బోర్డు ఉండటం అంత ముఖ్యం. పార్కింగ్ నిషేధం అని అధికారికంగా పెట్టిన బోర్డు ఉంటే పోలీసు చేతికి ఆధారం దొరుకుతుంది. బోర్డు లేకుంటే పోలీసు కూడా బతిమాలాల్సిందే. ట్రాఫిక్ మనిషి దగ్గరలో లేకపోతే, గొడవ పెద్దదయ్యేలా ఉంటే 112. ఒట్టి పార్కింగ్ విషయానికి 112ను కదిలించడం నాకు సరి అనిపించదు.

అపార్ట్‌మెంట్ అయితే మీ ఫిర్యాదును అసోసియేషన్ రిజిస్టర్లో రాతపూర్వకంగా పెట్టించండి. కొత్త భవనాల పార్కింగ్‌లో 20 శాతానికి చార్జింగ్ ఏర్పాటు ఉండాలని కేంద్రం 2019లోనే నమూనా భవన నిబంధనల్లో చేర్చింది. మీటింగులో ఈ ఒక్క విషయం చెబితే "ఇది నీ సొంత సరదా" అనే మాట ఆగిపోతుంది.

ఫోటో ఎలా తీయాలి

రెండు ఫోటోలు చాలు. ఒకదాంట్లో బండి, చార్జర్, బోర్డు మూడూ కలిసి కనిపించాలి. ఇంకోదాంట్లో నంబర్ ప్లేటు చదివేలా ఉండాలి. తేదీ, సమయం, చార్జర్ ఐడీ రాసి పెట్టుకోండి. వీటిని మేనేజర్‌కో, చార్జింగ్ కంపెనీకో, పోలీసుకో పంపండి. కార్లో ఉన్న ఆడవాళ్లు, పిల్లల ముఖాలు పడేలా వీడియో తీసి తిట్టుకుంటూ గ్రూపుల్లో పెట్టకండి. తెలియక ఆపిన మనిషిని ఊరంతటి ముందు దొంగలా నిలబెట్టడం తప్పు.

ఏం చేయకూడదు

టైర్లో గాలి తీయడం, వైపర్ వంచడం, తాళంతో గీత గీయడం చేయకండి. ఆస్తికి నష్టం చేస్తే భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షన్ కింద కేసు అవుతుంది, అప్పుడు తప్పు ఆయనది కాక మీది అవుతుంది. ఆయన బండి కదలకుండా మీ కారు అడ్డం పెట్టడం కూడా వద్దు. ఆ బండిలో ఆసుపత్రికి పోవాల్సిన మనిషి ఉండవచ్చు. రుయా, స్విమ్స్ లాంటి పెద్దాసుపత్రులు ఉన్న ఊరు ఇది. చార్జింగ్‌లో ఉన్న ఇంకొకరి కారు నుంచి గన్ బలంగా లాగకండి. చాలా కార్లలో అది లాక్ అయి ఉంటుంది, లాగితే విరిగేది గన్ మూతి.

చోటు దొరకకపోతే ఆ రాత్రి ఎలా?

బ్యాటరీ ఎంత ఉందో చూసి లెక్క వేయండి. తిరుపతి నుంచి తిరుమలకు దాదాపు 700 మీటర్ల ఎత్తు ఎక్కాలి. రెండు టన్నుల కారుకు ఆ ఎత్తు ఎక్కడానికే దాదాపు నాలుగు యూనిట్లు ఖర్చవుతాయి. ఘాట్ రోడ్డు దూరానికి ఇంకో రెండు, మూడు వేసుకోండి. 40 యూనిట్ల బ్యాటరీలో అది 15 నుంచి 18 శాతం. దిగేటప్పుడు రీజెన్ (వేగం తగ్గేటప్పుడు బ్యాటరీకి కరెంటు తిరిగి ఎక్కించే ఏర్పాటు) వల్ల కొంత తిరిగి వస్తుంది. కాబట్టి 35 శాతం ఉంటే ఆ రాత్రి చార్జర్ కోసం ఎవరితోనూ గొడవ పడనక్కర్లేదు, నిశ్చింతగా కొండకు వెళ్లి రావచ్చు. 15 శాతం ఉంటే ఎక్కకండి.

ఎక్కలేని స్థితిలో ఉంటే పోర్టబుల్ చార్జర్ బయటికి తీయండి. హోటల్లో గీజర్‌కో, జనరేటర్ గది దగ్గరో 15 ఆంపియర్ల సాకెట్ ఉంటుంది. దాంతో గంటకు దాదాపు మూడు యూనిట్లు ఎక్కుతాయి, ఎనిమిది గంటల్లో 24 యూనిట్లు. తెల్లారేసరికి సగానికి పైగా బ్యాటరీ. "యూనిట్లకు డబ్బు కడతాను" అని ముందే చెప్పండి, ఊరికే వాడుకుంటారేమోనన్న అనుమానం పోతుంది. ఎర్త్ లేని సాకెట్‌తో పోర్టబుల్ చార్జర్ పనిచేయదు, పనిచేయించే ప్రయత్నం కూడా చేయకండి. మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్స్ వాడితే తీగ కాలవచ్చు. ఆ శుక్రవారం మమ్మల్ని ఆదుకున్నది ఈ సాకెట్టే. చూపించింది నేను అరిచిన సెక్యూరిటీ ఆయనే.

మళ్లీ జరగకుండా

మర్నాడు గది ఖాళీ చేసేటప్పుడు మేనేజర్‌తో ఐదు నిమిషాలు కూర్చోండి. కోపం తగ్గాక చెప్పే మాట బాగా ఎక్కుతుంది. నేను గమనించిన ఒక సంగతి: చాలా హోటళ్లలో చార్జర్‌ను గుమ్మానికి దగ్గరగా, అందరికీ కనిపించేలా పెడతారు. సామాన్లు దింపే ప్రతి బండికీ కావలసింది సరిగ్గా ఆ చోటే. దాన్ని వెనక మూలకు మార్చితే సగం గొడవ తగ్గిపోతుంది. మార్చలేకపోతే ఇవి అడగండి: నేల మీద పచ్చ రంగు, రాత్రి కూడా కనిపించే బోర్డు, ఈవీ వచ్చినప్పుడు మాత్రమే తీసే ఒక కోన్ లేదా గొలుసు. బోర్డు తెలుగు, తమిళం, కన్నడం, హిందీ నాలుగింట్లోనూ ఉండాలి. "ఈవీ ఓన్లీ" అని ఇంగ్లీషులో రాస్తే చదివేవాళ్లు తక్కువ. గన్ బొమ్మ పెద్దదిగా వేస్తే చదువు రాని డ్రైవర్‌కు కూడా అర్థమవుతుంది. "ఇది బండ్లకు కరెంటు పట్టే పంపు. దయచేసి ఇక్కడ బండి ఆపకండి" అని రాయమని నేను చెబుతుంటాను.

ప్రభుత్వ పార్కింగ్ విషయం అయితే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. అర్జీలో కోపం వద్దు. చోటు పేరు, తేదీలు, ఫోటోలు, మీరు కోరే పని: "బోర్డు పెట్టించండి, నేల మీద రంగు వేయించండి." ఒకరు ఇచ్చే అర్జీ కన్నా నలుగురు ఈవీ ట్యాక్సీ డ్రైవర్లు కలిసి ఇచ్చేది ముందుకు కదులుతుంది, ఎందుకంటే వాళ్లకు చార్జింగ్ ఆగితే ఆ రోజు కూలి ఆగినట్టే.

మీ బండి అక్కడ ఉన్నప్పుడు

మీ వంతు వచ్చాక ఒక కార్డు మీద ఫోన్ నంబర్ రాసి డ్యాష్‌బోర్డు మీద పెట్టండి. డీసీ ఫాస్ట్ చార్జర్ (వేగంగా ఎక్కించే పెద్ద చార్జర్) అయితే 80 శాతం దగ్గర తీసేయండి. ఆ తర్వాత వేగం బాగా తగ్గిపోతుంది, మీరు ఎదురుచూసే ఆ చివరి ఇరవై శాతం నిండే సమయంలో ఇంకొకరి సగం బ్యాటరీ నిండుతుంది. దర్శనానికి పైకి వెళ్తూ కారును చార్జర్‌కు తగిలించి వెళ్లకండి, ఫోన్ డిపాజిట్ చేశాక మిమ్మల్ని కూడా ఎవరూ పట్టుకోలేరు. తప్పనిసరి అయితే తాళం రిసెప్షన్‌లో ఇచ్చి, కార్డు మీద ఇలా రాయండి: "రాత్రి 11కు చార్జింగ్ పూర్తవుతుంది. తాళం రిసెప్షన్‌లో ఉంది. కావాలంటే జరిపించుకోండి."